మోయిజ్ సారు, బేగం కోడి, జంట దారం

చేతులు కడుక్కోవడంలో మోయిజ్‌ను మించినవాడు పాల్వంచలో లేడు. కాలేజీ నుంచి రాగానే కడుగుతాడు. కూరగాయల సంచి దించి కడుగుతాడు. కడిగాక కుళాయి కడతాడు. కట్టేటప్పుడు దాన్ని ముట్టుకున్నాడు కదా, మళ్లీ విప్పుతాడు. ఈ విప్పడం, కట్టడం ఎక్కడ ఆపాలో అతను చదివిన ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో ఎక్కడా చెప్పలేదు. భార్య షబ్రీన్ వంటింట్లోంచి "ఇగ చాలు, ట్యాంకు ఖాళీ అయితది" అని అరిస్తేనే ఆగుతాడు.

పుట్టిన ఇల్లు చూస్తే ఇతనికి ఈ జబ్బు ఎలా అంటుకుందో అర్థం కాదు. వాళ్లది దూదేకుల కుటుంబం. తాత విల్లు భుజాన వేసుకుని బూర్గంపాడు దాకా ఊరూరా తిరిగి దూది ఏకాడు. తండ్రి జహూర్ బస్టాండు దారిలో పరుపుల దుకాణం పెట్టాడు. ఆ ఇంట్లో నమాజు అరబ్బీలో, తిట్లు తెలుగులో. చిన్నప్పుడు మోయిజ్ ఏడిస్తే తల్లి మలికా అతన్ని దూదికుప్ప మీద పడేసి తన పని చూసుకునేది. ముక్కులోంచి, చెవిలోంచి దూది పీక్కుంటూ పెరిగినవాడు ఇప్పుడు అదే దుకాణంలోకి మాస్కు లేకుండా అడుగు పెట్టడు.

"గీ దుమ్ములనే పెరిగినవు గదరా," అంటాడు జహూర్. "అప్పుడు రాని రోగం ఇప్పుడేడికెళ్లి వస్తది?"

"అప్పుడు నాకు రోగాల సంగతి తెల్వదు నాన్నా," అంటాడు మోయిజ్. తెలియడం వల్లే వస్తున్నాయని తన నోటితోనే ఒప్పుకున్నట్టయిందని వీధి మలుపు తిరిగాక గాని అతనికి తట్టదు.

చదువులో అతనికి బాగా నచ్చింది రెట్రోవైరస్. ఎయిడ్స్ తెచ్చే వైరస్ ఆ కుటుంబానిదే. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కూడా దాని మీదే చేశాడు. ఆ వైరస్ కడుపులో రెండు ఆర్‌ఎన్‌ఏ పోగులుంటాయి, అవి ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయన్నది అతని అంశం. ప్రాజెక్టు మొత్తంలో ఒక్క వైరస్‌నూ చూడలేదు. కంప్యూటరు తెర మీద నాలుగు అక్షరాలను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు, అంతే. అయినా ఊళ్లో ఎవరికి జలుబు చేసినా, ఆ జలుబుతో తనకు పాత పరిచయం ఉన్నట్టే మాట్లాడతాడు. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాడు. పిల్లలు పెట్టిన పేరు 'శానిటైజర్ సార్'. ఆ పేరు తనకు తెలియదన్నట్టు తిరుగుతాడు.

ఇదంతా అతను నవ్వుతూ భరించగలిగేవాడే, కూతురు నజియా లేకపోతే.

నజియాకు రెండున్నరేళ్లు. అన్నీ వింటుంది, అన్నీ అర్థం చేసుకుంటుంది, కానీ మాట ఒక్కొక్కటిగా తప్ప రాలదు. "నీళ్లు" అంటుంది. "అమ్మ" అంటుంది. అంతటితో దుకాణం కట్టేస్తుంది. ఖమ్మంలో పిల్లల డాక్టర్ చెవులు పరీక్ష చేయించి, వినికిడి బాగానే ఉందన్నాడు. "ఈ వయసుకు రెండు మాటలు కలపాలి. 'పాలు కావాలి', 'అమ్మ రా', అట్ల. వేసవి సెలవులు అయ్యేలోగా కలిపితే భయం లేదు. కలపకపోతే హైదరాబాద్ తీసుకెళ్లి చూపిద్దాం," అన్నాడు. ఆ రోజు నుంచి మోయిజ్ కూతురి ముందు రెండేసి మాటలే మాట్లాడుతున్నాడు. అన్నం తిను. బొమ్మ ఇవ్వు. చేతులు కడుక్కో. ఇల్లంతా టెలిగ్రాములు నడిచినట్టుంది.

"నువ్వు గూడ మూడేండ్లదాంక నోరు ఇప్పలే," అని ధైర్యం చెప్పింది మలికా. "ఇప్పినంక మూయలే, గది వేరే సంగతి."

అయితే నజియా ధారాళంగా మాట్లాడే మనిషి ఒకరున్నారు. మనిషి కాదు, కోడి. షబ్రీన్ పుట్టిల్లు ముదిగొండ నుంచి కోడిపిల్లగా వచ్చిన ఎర్రకోడి. వీపు నిక్కించి, మెడ తిప్పకుండా నడుస్తుందని జహూర్ దానికి బేగం అని పేరు పెట్టాడు. నజియాకు అది 'బేం'. పొద్దున్నే పెరట్లో దాని ముందు గొంతుక్కూర్చుని, ఎవరికీ అర్థం కాని భాషలో, చెయ్యి తిప్పుతూ గంటల తరబడి ఏదో చెప్పేది. బేగం ఒక కన్నుతో వినేది. ఆ కబుర్లలోంచే ఒకరోజు రెండు మాటలు కలిసి బయటపడతాయని షబ్రీన్ నమ్మకం. ఆ కోడి ముక్కుకు పిల్ల ముద్దు పెట్టినప్పుడల్లా మోయిజ్ కుళాయి వైపు పరిగెత్తేవాడు.

మార్చిలో ఒక శుక్రవారం మోయిజ్ తనకు ప్రాణమైన పాఠం చెప్పాడు. దానికోసం తండ్రి దుకాణం నుంచి పరుపులు కుట్టే జంట దారం తెచ్చాడు. జహూర్ ఒంటి పోగుతో టాకా కుట్టు వేయడు. రెండు పోగులు కలిపి సూదిలో ఎక్కిస్తాడు. ఒకటి తెగినా రెండోది పరుపును పట్టి ఉంచుతుంది.

"మిగతా వైరస్‌లు చాలావరకు తమ జన్యువుల రాత ఒక్క ప్రతే మోసుకెళ్తాయి," అని దారం పైకెత్తి చూపించాడు మోయిజ్. "రెట్రోవైరస్ మాత్రం జంట పోగు. రెండింట్లోనూ దాదాపు ఒకటే రాత. కణంలోకి పోయాక దాని ఎంజైము ఈ ఆర్‌ఎన్‌ఏను చదువుకుంటూ డీఎన్‌ఏ రాస్తుంది. చదివే పోగు మధ్యలో తెగి ఉందనుకోండి, ఆగిపోదు. పక్క పోగు మీదికి దూకి అక్కడి నుంచి చదువుతుంది."

రెండో బెంచీలో శ్రావణి లేచింది. బూర్గంపాడు పిల్ల, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుతోంది. "రెండు పోగులు ఒకటే తీరు ఉంటే ఎట్ల అతుక్కుంటయి సార్? జిప్పుకు రెండు దిక్కుల పండ్లు వేరే వేరే ఉంటయి గద?"

ఈ ప్రశ్న కోసమే మోయిజ్ ఏడాదంతా ఎదురు చూస్తాడు. శ్రావణిని, పక్కనున్న అమ్మాయిని ఎదురెదురుగా నిలబెట్టి చేతులు కలపమన్నాడు. "చూడండి. ఇద్దరిదీ కుడి చెయ్యే. ఎడమ చెయ్యి అక్కర్లేదు. ఎదురెదురుగా నిలబడ్డారు కాబట్టి ఒకే తీరు చేతులు ఒకదాంట్లో ఒకటి ఇమిడాయి. పోగు మొదలు దగ్గర ఒక చిన్న మెలిక ఉంటుంది. దాని కొసన ఉన్న ఆరు అక్షరాలు ఎట్లాంటివంటే, అవే ఆరు అక్షరాలు ఎదురు దిశ నుంచి వస్తే జత కుదురుతుంది. ముందు మెలికల కొసలే తగులుతాయి. సైంటిస్టులు దాన్ని ముద్దు అంటారు."

వెనక బెంచీలో ఈల వినపడింది. మోయిజ్ చెవులు ఎర్రబడ్డాయి. "తర్వాత పట్టు బిగుస్తుంది," అని గబగబా ముగించాడు.

"చెయ్యి వేరే తీరుదైతే సార్?"

"కుదరదు. నా కుడి చేతిలో కోడి కాలు పెట్టినవనుకో, షేక్‌హ్యాండ్ అయితదా? కానీ..." అని గొంతు తగ్గించాడు. ఇక్కడ గొంతు తగ్గిస్తే బాగుంటుందని అతనికి అనుభవం. "దగ్గరి బంధువులైన రెండు వైరస్‌లు ఒకే కణంలో దూరితే, ఒక పోగు దీనిది, ఒక పోగు దానిది, ఒకే సంచిలో పడొచ్చు. ఎంజైము ఇటు సగం, అటు సగం చదివితే, ఎన్నడూ లేని కొత్త రకం పుడుతుంది."

వెనక బెంచీ కూడా ముందుకు వంగింది. మోయిజ్ తృప్తిగా చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బేగం పెరట్లో ప్రహరీ పక్కన నిలబడి ఉంది. నిలబడి ఉంది అనడం మర్యాద కోసం. ఊగుతోంది. రెండడుగులు వేసి, మూడో అడుగు ఎక్కడ పెట్టాలో మరిచిపోయినట్టు ఆగి, పక్కకు ఒరిగింది. మెడ కింద, రొమ్ము మీద, నిమ్మకాయంత గడ్డ. నజియా దాని పక్కన కూర్చుని ఆ గడ్డను ప్రేమగా నిమురుతోంది.

మోయిజ్ వేసిన కేకకు పక్క వాటాలో ఉండే నాగలత గోడ మీద నుంచి తొంగిచూసింది. ఆమెది అడవిలో ఊరు. పుట్టింటి నుంచి ఇప్పపూలు తెప్పించి, ఎండబెట్టి, మహిళా సంఘంలో లడ్డూలు చేస్తుంది. "ఏమైంది సార్? పాము గిట్ల వచ్చిందా?"

"ఏం లేదు, ఏం లేదు," అంటూ మోయిజ్ కూతుర్ని చంకనెత్తుకుని కుళాయి దగ్గరికి ఉరికాడు. వెనక నాగలత ఇంకేదో చెబుతోంది, మొన్నటి వానకు పూలు తడిసి పాడైనయని, గోడ పక్కన పారబోసిందని. నీళ్ల చప్పుడులో అతనికి వినపడలేదు. వినపడి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"రౌస్ సార్కోమా," అన్నాడు మోయిజ్, షబ్రీన్ మెడికల్ షాపు నుంచి రాగానే. ఆమె ఫార్మసీ చదివింది, కౌంటర్లో కూర్చుని రోజూ వందమంది భయాలు వింటుంది. ఇంటికి వచ్చాక నూటొకటోది వినడానికి చెప్పులు విడిచింది.

"ఎవరికి?"

"బేగంకు. అది కోళ్ల రెట్రోవైరస్. గడ్డలు లేపుతది. మొట్టమొదట కోడి రొమ్ము గడ్డలోనే దొరికింది, వందేండ్ల కింద. ఇగో, సరిగ్గా ఇక్కడ," అని తన రొమ్ము మీద చూపించుకున్నాడు.

"కోళ్లదైతే కోళ్లకే వస్తది గద. మనుషులకు రాదని మీరే చెప్పిండ్రు."

"చెప్పిన. కానీ మన డీఎన్‌ఏలోనే పాత రెట్రోవైరస్‌ల తునకలు ఎన్నో ఉన్నయి. లక్షల ఏండ్ల కిందట వచ్చి ఉండిపోయినయి. కోడిది పోయి అందులో ఒకదానితో జత కట్టిందనుకో..."

"మన కిరాయి ఇంట్ల పాత సామాను పడి ఉన్నది. నాగలతక్క ఇంట్ల పాత సామాను పడి ఉన్నది. రెండు రాత్రికి లేచి పెండ్లి చేసుకుంటయా?"

"నవ్వకు షబ్రీన్. పిల్ల దాని ముక్కుకు ముద్దు పెట్టింది."

షబ్రీన్ నవ్వడం ఆపింది, కానీ అతను అనుకున్న కారణానికి కాదు. "అయితే ఏం జేస్తరు? కోస్తరా?"

రోగం అదే అయితే కోడిని తీసేయడమే పద్ధతి. పుస్తకంలో అదొక్క వాక్యం. పెరట్లో అది నజియా ధారాళంగా మాట్లాడే ఒక్కగానొక్క ప్రాణి.

ఆ పూటకు బేగంను గంప కింద మూసి, పైన నజియా దోమతెర కప్పి, చుట్టూ బ్లీచింగ్ పౌడరుతో గీత గీశాడు. నాగలత మళ్లీ తొంగిచూసి, "ఏంది సార్, కోడికి కరోనానా?" అంది. నజియా గీతకు ఇవతల నిలబడి గంప వైపు చూసింది. "బేం," అంది. గంపలోంచి ఒక ఎక్కిలి వినపడింది. తండ్రి ఆమెను లోపలికి మోసుకుపోయాడు. పిల్ల ఏడ్వలేదు. మోయిజ్‌కు అదే మరీ భయమేసింది.

మర్నాడు శనివారం పొద్దున షబ్రీన్ పాలగ్లాసు పట్టుకుని వచ్చి, "ఒక్క మాట అంటలేదు. నీళ్లు గూడ అడుగుతలేదు, చూపిస్తున్నది," అంది. గొంతులో ఎగతాళి లేదు. "మీరు ఏం జేస్తరో చేయున్రి గని, తెలుసుకోని చేయున్రి. ఊహించుకోని చేయొద్దు."

పాల్వంచ పశువుల డాక్టర్ మేకల టీకాలకు ఊళ్లమీద తిరుగుతున్నాడు. బూర్గంపాడు డాక్టరమ్మకు ఫోన్ చేస్తే మూడింటిదాకా ఉంటానంది. మోయిజ్ కాలేజీకి సెలవు పెట్టాడు. జహూర్ పరుపు గుడ్డతో ఒక సంచి కుట్టి, గాలికి చిల్లులు పెట్టి, పిడులకు జంట దారం వేసి ఇచ్చాడు. "పేషెంటుకు కొత్త బట్టలు," అన్నాడు. కొడుకు నవ్వకపోయేసరికి, "మంచిగ జూపెట్టుకోని రా. పిల్ల సూస్తున్నది," అని మెల్లగా చేర్చాడు.

మోయిజ్ ఒక మాస్కు కట్టుకున్నాడు. వైరస్‌కు రెండు పోగులున్నప్పుడు మనకు రెండు మాస్కులు ఉండటం న్యాయమనిపించి దాని మీద ఇంకోటి కట్టుకున్నాడు. చేతులకు గ్లవుజులు. జేబులో శానిటైజర్.

మధ్యాహ్నం బస్సు నిండుగా ఉంది. థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు దిగినవాళ్లు కూర్చున్నచోటే నిద్రపోతున్నారు. మూడు సీట్ల ముందు శ్రావణి, హాస్టల్ నుంచి ఇంటికి పోతున్నట్టుంది, సార్‌ని చూసి సగం లేచి నమస్తే పెట్టింది. మోయిజ్ గ్లవుజు ఊపాడు. కండక్టర్ హరిలాల్ ఆ దారిలో ఎప్పటినుంచో తిరుగుతున్న మనిషి, ప్రయాణికుల్లో సగం మందిని పేరుతో పిలుస్తాడు. టికెట్లు కొడుతూ నడవలోకి వచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"ఎవడ్రా పట్టపగలే కొట్టింది?"

నిద్రలో ఉన్నవాళ్లు ముగ్గురు లేచారు. కిటికీ పక్క ముసలాయన గాలి పీల్చి, ఆలోచించి, "ఇప్పసార. నీళ్లు కలపలే," అని తీర్పిచ్చాడు. హరిలాల్ సీటు సీటుకూ వంగి వాసన చూస్తూ వచ్చి మోయిజ్ దగ్గర ఆగాడు. ఇంకొంచెం వంగాడు. లేచి, గౌరవంగా గొంతు తగ్గించాడు.

"సారూ, మీరా?"

"ఏంది?"

"రెండు మాస్కులు కట్టుకున్నా వాసన ఆగుతలేదు సార్."

మోయిజ్‌కు ఏ వాసనా రావడం లేదు. బస్సు మొత్తంలో రాని ముక్కు అదొక్కటే. "అది శానిటైజర్ వాసన. అందులో ఆల్కహాల్ ఉంటుంది," అని క్లాసులో చెప్పినట్టు చెప్పాడు. ఆల్కహాల్ అన్న మాట ఒక్కటే వెనక సీటుదాకా చేరింది. ముందు సీట్లో శ్రావణి చటుక్కున కిటికీ వైపు తిరిగింది.

"సంచిల ఏమున్నది సార్?"

"కోడి."

"కోడితోని పాటు?"

"కోడే అంటున్న గద!"

"ఇప్పుడే తేలుస్త," అని హరిలాల్ సంచి పిడి పట్టుకున్నాడు. మోయిజ్ వదల్లేదు. ఇద్దరి మధ్య పిడి సాగి, టప్పున ఒక పోగు తెగింది. రెండో పోగు నిలబడింది. ఆ కుదుపుకు బేగం తల సంచి మూతిలోంచి బయటికి వచ్చి, బస్సునంతా ఒకసారి కలియజూసి, గట్టిగా ఎక్కిలి పెట్టింది.

బస్సు పగలబడి నవ్వింది. "నువ్వు తాగితే తాగినవు, దానికెందుకు తాపినవ్ సారూ?" అన్నాడు ముసలాయన.

ఇక్కడైనా మోయిజ్ ఆలోచించి ఉండాల్సింది. వాసన ఇప్పపూలది. ఊగేది కోడి. గోడ అవతల ఇప్పపూలు. ఈ మూడింటిని జతచేయడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు. బహుశా ఎమ్మెస్సీయే అడ్డం వచ్చింది. లేచి నిలబడి, "నవ్వకండి! అది జబ్బు. దానికి వైరస్ ఉంది. ఎవరూ ముట్టుకోవద్దు!" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. పక్కసీటు ఖాళీ అయింది. దాని వెనక సీటూ ఖాళీ అయింది. హరిలాల్ పిడి ముట్టుకున్న తన చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని, "మరి బస్సెందుకెక్కిచ్చినవయ్యా!" అని అరిచాడు. సార్ పోయి అయ్యా వచ్చింది. చివరికి బస్సు తీర్మానించిందేమిటంటే, సార్ వెనక తలుపు దగ్గర మెట్టు మీద నిలబడాలి, సంచిని బయటి వైపు పట్టుకోవాలి. హరిలాల్ అతని కాళ్ల మీద పడేంత పనిచేసి శానిటైజర్ సీసా మొత్తం తీసుకున్నాడు. అలా మోయిజ్ బూర్గంపాడుదాకా గాలిలో వేలాడుతూ, ఒంటి పోగు మీద ఆగిన కోడిని రొమ్ముకు హత్తుకుని ప్రయాణం చేశాడు. జత తెగిన దారం ఇంకెంతసేపు ఆగుతుందోనని ఒక చెయ్యి సంచి అడుగునే పెట్టాడు. గుడ్డలోంచి దాని గుండె టకటక కొట్టుకోవడం తెలుస్తోంది. ఇది చచ్చిపోతే ఇంటికి ఏం మొహం పెట్టుకుని పోవాలి, పిల్లతో ఏ రెండు మాటలు చెప్పాలి అని ఆలోచించాడు. 'బేం చచ్చింది.' అవి కూడా రెండు మాటలే. అతనికి కళ్లు మండాయి. గాలికి అనుకున్నాడు.

దవాఖానాలో డాక్టరమ్మ గేదె దూడకు కట్టు కడుతోంది. మోయిజ్ దూరంగా నిలబడే కేసు వివరించాడు. రెట్రోవైరస్, గడ్డ, నరాల మీద ప్రభావం, ముద్దు పెట్టిన కూతురు, మనిషి డీఎన్‌ఏలో పాత తునకలు, రెండు పోగులు జత కట్టే అవకాశం, అన్నీ చెప్పాడు. ఆమె దూడను పంపి, చేతులు కడుక్కుని (ఒక్కసారే, అతను గమనించాడు), కోడిని ఒళ్లో పెట్టుకుంది. గడ్డను వేళ్లతో నొక్కింది. గడ్డ పిండిముద్దలా నొక్కుపడింది.

"సార్, ఒకసారి మాస్కు తీయున్రి."

"ఎందుకు మేడం?"

"తీయున్రి. రెండోది గూడ."

తీశాడు. తీసిన మరుక్షణం ఇప్పపూల పులిసిన వాసన ముక్కు మీద గుద్దినట్టు కొట్టింది. బస్సు మొత్తం నిజం చెప్పింది.

"ఇది గడ్డ కాదు సార్, మేత సంచి, తిన్నది ముందుగాల గిండ్లనే ఆగుతది. ఎండిన ఇప్పపూలో, నానినవో బాగ తిన్నది. లోపల ఉబ్బి పులిసినయి. ఈ సీజన్ల నాకు వారానికో కోడి గిట్లనే వస్తది. సైంటిస్టు ఎంట మాత్రం రాలే. కాళ్లు పట్టుకోండి."

గోరువెచ్చని నీళ్లు గొంతులోకి కొద్దికొద్దిగా వదిలి, మేత సంచిని మెల్లగా పిసికి, కోడిని తలకిందులుగా వంచింది. మోయిజ్ ఊపిరి బిగబట్టి కాళ్లు పట్టుకున్నాడు. బేగం ఒకసారి గింజుకుని, అతని చొక్కా మీద, ప్యాంటు మీద, గ్లవుజుల మీద పసుపుపచ్చ పూల ముద్ద కక్కింది. మరోసారి. ఇంకోసారి. గడ్డ మాయమైంది.

ఆ క్షణంలో అతని కుడి గ్లవుజులో బేగం కాలు ఉంది. నిన్న క్లాసులో తను చెప్పిన మాట తనకే వినపడింది. కోడి కాలుకు షేక్‌హ్యాండ్ అయితదా? మెలికలు సరిపోకపోతే పోగులు జత కట్టవని నలభై మందికి చెప్పి, శభాష్ అనిపించుకుని, సాయంత్రానికల్లా తనొక్కడే మరిచిపోయాడు. పాఠం క్లాసు గదిలోనే వదిలేసి, భయాన్ని మాత్రం జాగ్రత్తగా ఇంటికి మోసుకొచ్చాడు.

"బతుకుతదా మేడం?"

"బతుకుతది. రేపటిదాంక గింజలు పెట్టకున్రి, నీళ్లు పెట్టున్రి. ఇయ్యాల కొంచెం తలనొప్పి ఉంటది దానికి." ఆమె నవ్వు ఆపుకుంటూ దారం తెగిన పిడిని ముడి వేసి ఇచ్చింది.

తిరుగు బస్సు కూడా హరిలాల్‌దే. మోయిజ్‌ను, చొక్కా మీది పూలను చూసి, కోడి మెడ నిటారుగా ఉండటం చూసి, ఏమీ అడగకుండానే అంతా అర్థం చేసుకున్నాడు. "రాండ్రి సార్. ముందు సీటు ఖాళీగున్నది," అన్నాడు. టికెట్టు కొట్టి, "శానిటైజర్ అయిపోయింది సార్. డ్రైవరు గూడ పూసుకున్నడు," అన్నాడు.

ఇంటి గడపలో నజియా కూర్చుని ఉంది. ఆమె వెనక షబ్రీన్, మలికా. గోడ మీద నాగలత తల. మోయిజ్ సంచి కింద పెట్టి మూతి విప్పాడు. బేగం దిగింది. ఒకసారి తూలింది. ఆ తర్వాత వీపు నిక్కించి, మెడ తిప్పకుండా, బ్లీచింగ్ గీతను తొక్కుకుంటూ నడిచింది.

"బేం," అంది నజియా. ఒక్క రోజు మూసుకున్న గొంతు కాస్త బొంగురుపోయింది.

"ఏం జబ్బు సార్?" అని గోడ మీద నుంచి నాగలత.

"మీ పూలు," అన్నాడు మోయిజ్.

"నేను నిన్ననే చెప్పిన గద! వానకు పులిసినయి, కోడిని అటు రానియ్యకున్రని. మీరు నల్లా ఇప్పుకోని నిలబడ్డరు."

షబ్రీన్ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. మోయిజ్‌కు అదేమీ పట్టలేదు. కోడి బతికింది, పిల్ల నోరు విప్పింది, అది చాలు. రెండు చేతులు చాచి కూతుర్ని ఎత్తుకోబోయాడు.

నజియా ఒక అడుగు వెనక్కి వేసింది. తండ్రి చేతుల వైపు చూసింది. గ్లవుజుల మీద పూల ముద్ద ఆరుతోంది. పిల్ల అచ్చం అతనిలాగే కనుబొమలు ముడిచి, అచ్చం అతనిలాగే అరచేయి ఎత్తి ఆపింది.

"చేతులు కడుక్కో."

షబ్రీన్ నోటి మీది కొంగు అలాగే ఉండిపోయింది.

"ఇన్నవారా?" అంది మలికా గుసగుసగా. "రెండు మాటలు."

"మళ్లీ అను బిడ్డా," అన్నాడు మోయిజ్. "ఏమన్నవు? మళ్లీ అను."

నజియాకు ఈ మందబుద్ధి మనిషి మీద విసుగొచ్చింది. కుళాయి వైపు వేలు చూపించి, ఈసారి గట్టిగా, కోడికి కబుర్లు చెప్పే గొంతుతో అంది. "నాన్న, చేతులు కడుక్కో!"

ఖమ్మం డాక్టర్ రెండే అడిగాడు. మోయిజ్ గ్లవుజులు పీకి కుళాయి దగ్గరికి వెళ్లాడు. కళ్లు కనపడక సబ్బు రెండుసార్లు జారింది. శుభ్రంగా కడిగాడు. కుళాయి కట్టాడు. కట్టిన కుళాయి వైపు చూశాడు, వెనక్కి తిరిగి చూశాడు. నజియా నడుము మీద చేతులు పెట్టుకుని కాపలా కాస్తోంది.

ఇంకోసారి అంటుందేమోనని మళ్లీ విప్పాడు. ఈసారి షబ్రీన్ ట్యాంకు సంగతి ఎత్తలేదు.